గవరయ్య ఇంటి రెండు బండ్లు

ఊరు మొత్తానికి తెలివంటూ ఉంటే అది తమ ఇంట్లోనే ఉందని గవరయ్యకు గట్టి నమ్మకం. "ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు చేస్తాం. తెలివంటే అదే," అనేవాడు. భార్య పైడితల్లి, తమ్ముడు సన్యాసి తల ఊపేవారు.

ఆ రోజు మేనల్లుడి పెళ్ళి. తాళి తెచ్చే బాధ్యత గవరయ్యది. తండ్రి నాటి పాత స్కూటరు పాకలో ఉంది గానీ, కొత్త కారు కొన్నారు గదా, దర్జాగా అందులో కూర్చున్నారు. కారు మాట్లాడింది. "దయచేసి బెల్టు పెట్టుకోండి."

గవరయ్య ఇంట్లోకెళ్ళి పంచె మీద తోలు బెల్టు బిగించుకొచ్చాడు. పైడితల్లి వడ్డాణం పెట్టుకుంది. సన్యాసి గేదె పలుపు చుట్టుకున్నాడు. కారు మళ్ళీ అదే మాట.

"నీ పలుపు నచ్చలేదురా దానికి," అన్నాడు గవరయ్య.

ఇంకో బెల్టు కోసం ఇల్లంతా వెతికారు. అంతసేపూ కారులో లైట్లు, పాటలు వేసే ఉంచారు. ఇంకేముంది, కారు మూగబోయింది. మెకానిక్‌కి ఫోను చేస్తే, "బ్యాటరీ పడుకుంది, అంతే," అన్నాడు.

"పాపం, మాట్లాడి మాట్లాడి అలిసిపోయింది," అంది పైడితల్లి. ముగ్గురూ కాసేపు చప్పుడు చెయ్యకుండా మునివేళ్ళ మీద నడిచారు. ముహూర్తం దగ్గరపడుతోంది. ఇక లాభం లేదని ఆవిడ కారు ముందు మూత ఎత్తి దాని మొహాన చెంబుడు నీళ్ళు కొట్టింది. లోపల చిటపటమంది, పొగ లేచింది.

"ఆవలించింది వదినా," అన్నాడు సన్యాసి.

మళ్ళీ ఫోను చేశారు. "ఇక అది కదలదు. స్కూటరు తియ్యండి. పక్కకు వంచి నాలుగు తన్నండి," అన్నాడు మెకానిక్.

ఎవర్ని వంచాలో చెప్పలేదు. గవరయ్య తమ్ముణ్ణి స్కూటరు పక్కన వంచి మూడు తన్నాడు. నాలుగోది గురి తప్పి కిక్కుకి తగిలింది. పాత బండి, దానికి ఆ ఒక్కటీ చాలు. డబడబమంటూ లేచింది.

"ఇక ఆపకు అన్నా, మళ్ళీ తన్నాల్సొస్తుంది," అన్నాడు సన్యాసి నడుం పట్టుకుని.

అంతే, ఆపకుండా తిన్నగా పెళ్ళి పందిట్లోకే వచ్చేశారు. ఆ మోతకి మంత్రాలు వినపడటం లేదు. గవరయ్య తాళి పట్టుకుని దిగాడు.

"ముందు దాన్ని కట్టెయ్యండి బాబూ," అన్నాడు పంతులు చెవులు మూసుకుని.

గవరయ్య స్కూటరు హ్యాండిలుకి తాళి కట్టేశాడు. మూడు ముళ్ళూ వేశాడు. పంతులు పరుగున వచ్చి, ముళ్ళు విప్పి పెళ్ళికొడుక్కి అందించాడు గనక ముహూర్తం దక్కింది.

పైడితల్లి మాత్రం స్కూటరు వంక చాలాసేపు చూసి, "సర్లే, ఎన్నాళ్ళుగానో ఇంట్లో ఉన్నదేగా," అని దానికి బొట్టు పెట్టింది.

భోజనాలయ్యాక గవరయ్య కిక్కు మీద కాలెత్తాడు. సన్యాసి ఆ కాలు గట్టిగా పట్టుకున్నాడు.

"చిన్నొదినని పెళ్ళినాడే తంతావా అన్నా?"

గవరయ్యకు సిగ్గేసింది. ముగ్గురూ కలిసి స్కూటరుని భుజాలకెత్తుకుని, కుదుపు తగలకుండా ఇంటిదాకా మోసుకెళ్ళి, ముందుగా లోపల పెట్టాల్సిన కుడి చక్రం ఏదో తెలియక చీకటి పడేదాకా గడప బయటే నిలబడ్డారు.