కోడి మింగిన కె మాత్ర

బొడ్డువారింట్లో ముగ్గురుంటే ముగ్గురూ తెలివైనవాళ్ళే. ఆ మాట వాళ్ళే చెప్పుకునేవారు, ఇంకెవరూ చెప్పేలా లేరు మరి. ఎండకి తెలివి ఎక్కడ ఆవిరైపోతుందోనని ముగ్గురూ నెత్తిన తడిగుడ్డ వేసుకుని గాని గడప దాటేవారు కాదు.

అలాంటింట్లో గవరమ్మకి మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి. బస్సెక్కాలంటే కండక్టర్ చెయ్యిచ్చి, బియ్యం బస్తాని లాగినట్టు లాగాలి. చూసినవాళ్ళంతా నవ్వడమే.

"వచ్చే శుక్రవారం నా చెల్లి గృహప్రవేశం. అందరూ సూస్తుండగా నా అంతట నేనే బస్సెక్కాలర్రా!" అని కొడుకులిద్దరి దగ్గరా ఏడ్చింది. పెద్దవాడు సన్యాసి, చిన్నవాడు అప్పలకొండ.

ఇంకేముంది, డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ పరీక్షలు చేయించి, వేరే మందులేవీ వాడడం లేదని అడిగి తెలుసుకుని, డి విటమిన్ మాత్ర ఒకటి, కె విటమిన్ మాత్ర ఒకటి చేతిలో పెట్టింది.

"డి మన ఒంట్లోకి కాల్షియాన్ని పిలుచుకొస్తుంది. కె దానికి దారి చూపించి ఎముకల్లో చేరుస్తుంది. రెంటినీ కలిపి పంపండి, భోజనం తరవాత. వేసుకోగానే పరుగెత్తలేరు, ఓపిక పట్టాలి."

ఇంటికొచ్చాక సన్యాసికి పెద్ద అనుమానం వచ్చింది. "తమ్ముడూ, దారి సూపించాలంటే ముందు దానికి దారి తెలియాల గదా. ఈ కె ఎప్పుడైనా అమ్మ ఒంట్లోకి ఎల్లిందేటి?"

"ఎప్పుడెల్తాది అన్నియ్యా? ఇందాకే గదా ఊళ్ళోకొచ్చినాది!"

అంతే. బొగ్గుముక్క తెచ్చి గవరమ్మ మెడ మీదొకటి, మోకాళ్ళ కింద చెరొకటి బాణం గుర్తులు గీశారు. "వంకర లేకుండా గియ్యండర్రా, పాపం తప్పిపోగల్దు," అంది గవరమ్మ.

సన్యాసి కె మాత్రని అరచేతిలో పెట్టుకుని తిప్పి చూపించాడు. "ఇది గొంతు, తిన్నగా దిగు. ఇది కడుపు, ఇక్కడ ఆగకు, పప్పన్నం అడ్డొస్తాది. ఇదిగో, మోకాలు."

"దానికి కళ్ళెక్కడున్నాయన్నియ్యా?"

"ఏ పక్కనున్నాయో తెలీకే గదా తిప్పుతున్నాను!"

ఆ తిప్పడంలో మాత్ర జారి కిందపడింది. ఎర్రకోడి పరుగున వచ్చి గుటుక్కున మింగేసింది. ముగ్గురూ గొల్లుమన్నారు.

ముందుగా తేరుకున్నవాడు అప్పలకొండే. "రెంటినీ కలిపి పంపమంది గదా డాక్టరమ్మ. కె ఎల్లిపోనాది. డి ఒక్కటీ ఇక్కడేటి సేస్తాది?"

సరేనని డి మాత్రనీ కోడి నోట్లోనే వేశారు. భోజనం తరవాత అన్నది మరిచిపోలేదు సుమండీ, ముందు గుప్పెడు నూకలు పెట్టారు. తరవాత ఓపిక పట్టారు.

శుక్రవారం వచ్చింది. మందుకి దూరంగా ఉండకూడదని గవరమ్మ కోడిని చంకన పెట్టుకుని బయల్దేరింది. బస్సు వచ్చి హారన్ కొట్టేసరికి కోడి బెదిరి, చంకలోంచి ఎగిరి బస్సులో పడింది.

"నా మందు! నా మందు!" అంటూ గవరమ్మ కుచ్చిళ్ళు ఎత్తిపట్టి రెండంగల్లో బస్సెక్కేసింది. చెయ్యి చాచిన కండక్టర్ ఆ కాళ్ళ మీది బాణాలు చూసి చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయాడు. బస్సంతా చూసింది.

కొడుకుల మొహాలు పాలిపోయాయి. "అమా, దిగు దిగు! మాత్రలేసుకున్నది కోడి. నువ్వెలా ఎక్కీసినావు? డాక్టరమ్మకి తెలిస్తే ఏటంటాది?"

గవరమ్మ నాలిక్కరుచుకుంది. "నిజమేర్రా, మరిసిపోయాను!"

చెరో చెయ్యీ పట్టుకుని కిందికి లాగారు. "అమ్మో, నా మోకాళ్ళు!" అని మూలుగుతూ దిగింది. మరి గృహప్రవేశానికి ఆ ఇంటి తరఫున ఎవరో ఒకరు వెళ్ళొద్దూ? కోడికి కిటికీ పక్క సీటు చూసి, టిక్కెట్టు కొని, చెల్లికిచ్చే రవికెల గుడ్డని దాని మెడకి కట్టారు.

బస్సు కదిలింది. గవరమ్మ కళ్ళు తుడుచుకుంటూ వెనకాలే కేకేసింది.

"దిగినప్పుడు కండక్టర్ సెయ్యి పట్టుకోకే తల్లీ! మనింటి పరువు నీ కాళ్ళ మీదే ఉంది!"