కనబడని మిలిటరీ లారీ

ఈ కథ నాకు మొదట చెప్పినవాడు లారీ క్లీనర్ హుసేనప్ప. వాడు చెప్పింది చెప్పినట్టే రాయిస్తున్నాను. నా సొంతం చిటికెడు కూడా కలపలేదు.

చింతలగట్టులో సుంకన్న, మద్దిలేటి అని అన్నదమ్ములు, వాళ్ళక్క తిమ్మక్క ఉండేవాళ్ళు. ఊరికంతా చాలిన తెలివి తమ ఇంట్లోనే ఉందని ముగ్గురికీ గట్టి నమ్మకం. "చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యడమేరా తెలివంటే" అనేది తిమ్మక్క.

ఆ ఏడు ఉల్లిగడ్డలు విరగబండాయి. కళ్ళంలో రాశి పోశారు. ఆకాశం చూస్తే నల్లబడుతోంది. తడిస్తే ఏడాది కష్టం కుళ్ళిపోతుంది. మార్కెట్టుకు చేర్చడానికి బండి లేదు. పట్నంలో మిలిటరీవాళ్ళు పాత లారీలు వేలం వేస్తున్నారని తెలిసింది.

"ఒరే సుంకా, వేలంలో చెయ్యెత్తు. లారీ ఇంటికి చేరకముందు దించావో, సంగటి పెట్టను!" అంది తిమ్మక్క.

అంతే, సుంకన్న చెయ్యెత్తాడు. లారీ వీళ్ళదైంది. చెయ్యి దించలేదు. తర్వాత లారీల మీద కప్పే పచ్చ వల వేలానికొచ్చింది. ఇంకేముంది, అదీ వీళ్ళదే! డబ్బు సంచి ఖాళీ.

"దించన్నా చెయ్యి!" అని మద్దిలేటి మొత్తుకున్నాడు.

"సంగటి నువ్వు పెడతావా?"

వల ఇచ్చిన జవాను, "ఇది కప్పితే లారీ ఎవరికీ కనబడదు" అన్నాడు. గుమాస్తా, "ఉన్నది ఉన్నట్టే తీసుకుపోవాలి, తర్వాత గొడవ చెయ్యకూడదు" అన్నాడు.

లారీ ముఖం గోడవైపు ఉంది. ఊరు వెనకవైపు.

"ముఖం తిప్పితే ఉన్నట్టే తీసుకుపోయినట్టు ఎలాగన్నా?" అన్నాడు ట్రాక్టరు తోలడం వచ్చిన మద్దిలేటి.

ఇంకేముంది, ఊరిదాకా రివర్సు గేరే! దారి వంపులో లారీ ముఖం తిరిగినప్పుడల్లా దిగి, లారీకి దండం పెట్టి, తప్పు కాయమన్నారు. కిటికీలోంచి సుంకన్న చెయ్యి పైకే ఉంది. ఆగమంటున్నాడేమోనని బస్సులన్నీ ఆగిపోయాయి.

ఇల్లు చేరాక చెయ్యి దిగింది. ఉల్లి లారీకెక్కింది. దొంగల భయమెందుకు, వల ఉందిగా! కప్పేసి పడుకున్నారు.

తెల్లారి ముగ్గురూ దొడ్లోకొచ్చారు. ఎదురుగా లారీ.

"ఎవరిదిరా ఇది?" అంది తిమ్మక్క.

"మనదే కదక్కా."

"మనది కనబడదని జవాను చెప్పాడంటిరే. ఇది కనబడుతోందిగా!"

మద్దిలేటి వల ఎత్తి చూశాడు. "దీంట్లోనూ ఉల్లిగడ్డలే అక్కా."

"అయ్యో, ఇది మిలిటరీవాళ్ళదే అయ్యుంటుంది. వాళ్ళకూ ఉల్లే పండినట్టుంది. వానొస్తే ఏమైపోతారు పాపం? పోయి ఇచ్చి రండిరా!"

అంతే, అన్నదమ్ములు లారీని పట్నం తోలారు. ఈసారి ముందు గేరే. ఆ గోడ దగ్గరే పెట్టి, మిలిటరీవాళ్ళకు అప్పజెప్పి, నడుచుకుంటూ బయల్దేరారు. దారిలో కుండపోత వాన.

"కురవనీరా! మన ఉల్లి లారీలో భద్రం" అని నవ్వుకుంటూ, తడిసి ముద్దై ఇల్లు చేరారు. దొడ్డి ఖాళీ.

తిమ్మక్క రెండు చేతులూ జోడించింది. "జవాను మాట నిజంరా నాయనా! ఇప్పుడు కాస్త కూడా కనబడ్డం లేదు!"

ఇదీ జరిగింది. మా పక్కవీధి బుగ్గన్న మాత్రం లారీ సగం దారే వెనక్కి నడిచిందని అందరికీ చెబుతున్నాడు. ఊరిదాకా నడిచింది. వాడితో నాకు మాటల్లేవు. చదువొచ్చినవాళ్ళెవరైనా పోయి వాడి తప్పు దిద్దండి.