బుగ్గన కరక్కాయ

నబీసాబుకు మందులన్నీ నోటికి వచ్చు. ఆ నోటికి మూత మాత్రం లేదు. కొండకింద దర్గాలో వైద్యం చేసే ఫకీరప్ప తాతకు శిష్యుడు. పొడి దగ్గు తనకో లెక్కా అనుకునేవాడు. అలాంటివాణ్ణి మౌలమ్మ దగ్గు ముప్పుతిప్పలు పెట్టింది.

అతిమధురం చప్పరించమన్నాడు. దానిమ్మ తొక్క కషాయం ఇచ్చాడు. ఎండుద్రాక్ష పాలలో ఉడికించి తాగమన్నాడు. దగ్గు తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలయ్యేది.

ఆ శుక్రవారం ఆమె మొగుడు, దూది ఏకే దస్తగిరి, చంటిబిడ్డను భుజాన వేసుకుని వచ్చాడు. మౌలమ్మ కాస్త వెనగ్గా కూర్చుంది. బిడ్డ తల్లి వైపు చేతులు చాపి ఏడుస్తోంది. అతను ఇవ్వడం లేదు. కన్నబిడ్డ కళ్లముందే అలా ఏడుస్తుంటే ఏ తల్లి ప్రాణం నిలుస్తుంది?

"ఇది క్షయే తాతా. ఈ పొద్దు ఏదో ఒకటి తేల్చకపోతే దీన్ని పుట్టింట్లో దిగబెట్టొస్తా. బిడ్డ నాకాడే ఉంటాది" అన్నాడు దస్తగిరి.

"దగ్గు పగలు ఎక్కువా, రాత్రా?" నబీసాబు అతన్నే అడిగాడు.

"పగలే."

"అయితే వేడి. ఉసిరికాయ ఎండబెట్టి..."

"అదీ అయిపాయ! నీ మందులన్నీ అయిపాయ!"

మాటకు మాట పెరిగింది. ఫకీరప్ప తాత లేచి కరక్కాయ పగలగొట్టాడు. మౌలమ్మ చెయ్యి చాపింది. తాత ఆమెకివ్వలేదు. ఒక ముక్క దస్తగిరి నోట్లో పెట్టాడు, ఇంకొకటి శిష్యుడి నోట్లో.

"బుగ్గన పెట్టుకోండి. కొరకొద్దు. ఊరేదాకా మాట్లాడొద్దు."

వగరుకు ఇద్దరి మొహాలూ ముడుచుకుపోయాయి. తాత వెళ్లి మౌలమ్మకు ఎదురుగా కూర్చున్నాడు. ఏమీ అడగలేదు.

ఆమె తలెత్తింది.

"పీర్ల పండక్కు అమ్మోళ్లింటికి పోయినన్నాళ్లూ దగ్గే రాలే తాతా. ఈడ ఇంట్లో ఈయన దూది ఏకను కూర్చుంటే మొదలైతాది. నూగు గొంతులో పడి ఊపిరాడదు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం తల్లీ?"

"నన్నెవురడిగినారు?"

దస్తగిరి తన చొక్కాకు అంటుకున్న నూగును చూసుకున్నాడు. లేచి వెళ్లి బిడ్డను ఆమె ఒళ్లో పెట్టాడు. ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

నబీసాబుకు అసలు మందు ఇప్పుడు తట్టింది. కరక్కాయ ఉమ్మేయడానికి గబుక్కున లేచాడు. తాత అతని చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

"ఉండనీ నాయనా. ఆ తల్లి ఇంకా చెప్తాంది."