వాసన తెలియని నాంచారమ్మ

అనగనగా ఒక రేవు పట్నం. దానికొక రాజు. రాజ్యం రాజుదే గాని, వంటిల్లు మాత్రం నాంచారమ్మది.

శ్రావణ శుక్రవారాల్లో అమ్మవారికి చక్కెర పొంగలి ఆమే వండాలి. నైవేద్యం కాకముందు నాలిక మీద పెట్టరాదని ఆ ఇంటి కట్టు. ఇప్పటివాళ్లలా పదిసార్లు గరిటె నాకి వండటం కాదు! అంతా ముక్కుతోనే. లవంగం మాడినా నలుపే, మాడకపోయినా నలుపే. కంటికేం తెలుస్తుంది? నేతిలో వేగుతుంటే వాసన పట్టి, సరిగ్గా ఆ క్షణాన మూకుడు దించాలి.

వేగిన దినుసులు రోట్లో దంచేది కోటమ్మ. ఎప్పుడో ఒక పెళ్లి వంటలో "అక్కా, ధనియాలు ఒక్క రవ్వ మాడాయి" అని నలుగురిలో అన్నది. అంతే. నాంచారమ్మ ఆమెతో మాట్లాడి పన్నెండేళ్లు.

ఒక ఏడు వానల్లో నాంచారమ్మకు పడిశం పట్టింది. కొన్నాళ్లకు పడిశం పోయింది. పోతూ పోతూ వాసన కూడా పట్టుకుపోయింది.

"ముక్కు పోయిందంటే ఊరు నవ్వదూ?" అనుకుంది. ఎవరికీ చెప్పలేదు.

మొదటి శుక్రవారం రాజు ప్రసాదం నోట పెట్టి మొహం చిట్లించాడు. "ఏమిటమ్మా ఈ చేదు?"

"సాంబయ్య పాత లవంగాలు అంటగట్టాడు ప్రభూ."

సుగంధాలు అమ్మే సాంబయ్య ఒట్టు పెట్టుకున్నాడు, కంట నీళ్లు పెట్టుకున్నాడు. రాజు వినలేదు. అతడు మూటలు పడవకెత్తుకుని వెళ్లిపోయాడు.

రెండో శుక్రవారమూ చేదే.

"రత్తమ్మ పచ్చి కట్టెలు వేసింది ప్రభూ. పొగ పట్టింది."

కట్టెలు మోసే రత్తమ్మకు ఆ వాకిలి మూసేశారు.

మూడో శుక్రవారం పొంగలి మళ్లీ చేదెక్కింది. ఈసారి నాంచారమ్మ వేలు కోటమ్మ వైపు చూపింది. "నేను దోరగానే వేయించాను ప్రభూ. నా పేరు చెడగొట్టాలని నా వెనక మళ్లీ మాడ్చింది."

"రేపటి నుంచి కోటమ్మ రావద్దు" అన్నాడు రాజు.

కోటమ్మ రోలు కడిగి బోర్లించింది. వెళ్తూ గడప దగ్గర ఆగింది.

"అక్కా, మొదటి వారమే నాకు తెలుసు. లవంగాలు మాడి మేమంతా దగ్గుతుంటే నువ్వు నవ్వుతూ కలుపుతున్నావు."

నాంచారమ్మ చప్పున తిరిగి చూసింది. "మరి రాజుగారితో అనలేదేం?"

"నలుగురిలో అంటే నువ్వు తట్టుకోలేవు గదా" అని కోటమ్మ గడప దాటింది.

నాంచారమ్మకు ఎదురుగా తిట్టినా అంత సిగ్గు వేసేది కాదు. కొంగు నెత్తిన కప్పుకుని, తల ఎత్తకుండా నిండు సభలోకి నడిచింది.

"ప్రభూ, చేదు లవంగాల్లో లేదు, కట్టెల్లో లేదు, కోటమ్మ చేతుల్లో అసలే లేదు. నాకు వాసన పోయింది. అది దాచుకోవడానికి ముగ్గురి పొట్ట కొట్టాను."

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె కదలలేదు.

"నీకేం శిక్ష వేయమంటావు?" అన్నాడు రాజు.

"గరిటె కోటమ్మకివ్వండి. రోలు దగ్గర నేను కూర్చుంటాను."

రాజు సరేనన్నాడు. రత్తమ్మను పిలిపించారు. కోటమ్మ వచ్చింది, "కొలతలు నువ్వే చెప్పాలక్కా" అన్నది. ఆ వారం ఏలకులు, జాజికాయ, లవంగాల పరిమళం వీధి చివరిదాకా పోయిందట. నాంచారమ్మకు మాత్రం తెలియలేదు. జనం మొహాలు చూసి తెలుసుకుంది.

సాంబయ్య కోసం మనుషులను పంపారు. అతని పడవ ఎటు పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు. రేవులో తెరచాప కనిపించినప్పుడల్లా నాంచారమ్మ పోయి చూసేది. అతడు రాలేదు.

లోపం ఒప్పుకుంటే సిగ్గు ఒక్క పూట; దాచి ఒకరి మీద వేస్తే ఆ సిగ్గు బతికినన్నాళ్లూ.