పనసచెక్క గదిలో రూపాయి సందు

“చెక్కకీ చెక్కకీ మధ్య రూపాయి బిళ్ల పట్టేంత సందు వదలాలి నాయుడుగారూ.”

“నేను డబ్బు పోసి గోడ కట్టించుకుంటున్నానా, జల్లెడ కట్టించుకుంటున్నానా?”

శృంగవరపుకోటలో ఈ తగువు మొదలై అప్పటికి పది రోజులైంది. బస్సు కండక్టరుగా రిటైరైన దాలినాయుడు, పనివాడు ఏం చెప్పినా అందులో మోసమే వెతికేవాడు. ముప్పై ఏళ్లు టిక్కెట్టు లేనివాళ్లని పట్టుకుని పట్టుకుని ఆయనకి ఆ జబ్బు అంటుకుంది.

ఆయనకి ఒకటే కల. అరకు బస్సులో డ్యూటీ చేసేటప్పుడు ఘాట్ రోడ్డు పక్కన ఒక బంగళా కనిపించేది. తెరిచిన కిటికీల్లోంచి చూస్తే దాని లోపలి గోడలన్నీ చెక్కవే. ఎప్పటికైనా అలాంటి గదిలో పడుకోవాలనుకునేవాడు. ఇప్పుడు ఉన్నదంతా ఊడ్చిపెట్టి ఇల్లు కట్టాడు. పడకగది గోడలకి లోపల పనస చెక్కలు కొట్టిస్తున్నాడు. అవి పాడైతే మళ్లీ కొనే తాహతు లేదు.

“వానాకాలం చెక్క ఉబ్బుతుందండీ. చోటు లేకపోతే ఒకదాన్నొకటి తోసుకుంటాయి” అన్నాడు వడ్రంగి కనకాచారి.

“సందుల పేరు చెప్పి నాలుగు చెక్కలు మిగుల్చుకుందామనా? బస్సులో చీమకి కూడా సందు లేకుండా జనాన్ని సర్దినవాణ్ణి. నాకా చెప్తావు?”

“జనం వాళ్ల ఊరొస్తే దిగిపోతారు బాబూ. చెక్కలు దిగవు.”

“ఆచారికి తెలిసిన పని ఆచారిని చెయ్యనీవయ్యా. నిన్నడిగి నేను పులుసు పెడుతున్నానా?” అంది ఆయన భార్య పైడమ్మ.

“నువ్వూరుకోవే!”

పైడమ్మా ఊరుకుంది, ఆచారీ ఊరుకున్నాడు. చెక్కలు దగ్గరదగ్గరగా బిగించి కొట్టేశాడు. వైశాఖంలో గృహప్రవేశం అయింది. వచ్చినవాళ్లంతా గోడలు నిమిరి, అద్దంలా ఉన్నాయన్నారు. దాలినాయుడు ఆచారి వైపు చూసి మీసం మెలేశాడు.

శ్రావణంలో ముసురు పట్టింది. నాలుగు రోజులు వదల్లేదు. అయిదో రోజు మధ్యాహ్నం దాలినాయుడు గదిలో గడియ వేసుకుని కునుకు తీస్తుంటే ఠప్పుమని చప్పుడైంది. ఉలిక్కిపడి లేచాడు. గోడలు పొట్టలు వేసుకుని ముందుకొచ్చాయి. మేకులు ఊడి మంచం మీద పడుతున్నాయి. గడియ తీసి తలుపు లాగాడు. రాలేదు. ఉబ్బిన చెక్కలు తలుపుని నొక్కేశాయి.

“ఒసే, తలుపు తొయ్యవే!”

పైడమ్మ తోసింది. భుజం నొప్పి పుట్టింది గానీ తలుపు కదల్లేదు. ఆవిడ గొడుగేసుకెళ్లి ఆచారిని పిలుచుకొచ్చింది. ఆచారి కిటికీలోంచి లోపలికి చూశాడు. దాలినాయుడు ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ఏం నాయుడుగారూ, బస్సు ఫుల్లా?”

పైడమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

“నవ్వితే నవ్వు గానీ ఆచారీ, నా చెక్కలు బతుకుతాయా లేదా చెప్పు.” అన్నాళ్లలో ఆయన ఆచారిని నిజంగా తెలుసుకోవాలని అడిగిన మొదటి ప్రశ్న అదే.

“బతుకుతాయి. ఈసారి నా మాట వింటే.”

“వింటాను. ముందు బయటికి తియ్యి!”

ఆచారి తలుపు బందులు ఊడదీసి ఆయన్ని బయటికి తెచ్చాడు. చెక్కలన్నీ విప్పి వసారాలో నీడన ఆరబెట్టాడు. వానలు తగ్గాక, కార్తీకంలో, అంచులు చిత్రిక పట్టి మళ్లీ కొట్టడానికి వచ్చాడు.

“మీ చిల్లర డబ్బా పట్రండి.”

దాలినాయుడు ఎవరికీ చూపించని డబ్బా అది. అయినా తెచ్చి ఇచ్చాడు. ఆచారి ప్రతి సందులోనూ పైనొక రూపాయి, కిందొక రూపాయి దూర్చి చెక్కలు కొట్టాడు. పనయ్యాక బిళ్లలన్నీ లాగేశాడు. సన్నటి గీతల్లా సందులు మిగిలాయి. గది ముందుకన్నా అందంగా ఉంది.

“కూలెంత ఆచారీ?”

“ఒకే గోడకి రెండుసార్లు కూలి తీసుకోనండి. పాఠం చెప్పినందుకు మాత్రం ఈ బిళ్లలు ఇప్పించండి.”

దాలినాయుడు కండక్టరు కదా, రెండుసార్లు లెక్కపెట్టి మరీ ఇచ్చాడు. నూట ఇరవై ఆరు సందులు, సందుకి రెండు.

పనివాడి చేతులకి కూలిచ్చి వాడి తెలివిని వద్దన్నవాడు, ఆ తెలివిని తర్వాత విడిగా కొనుక్కోవాలి. దాలినాయుడికి పడ్డ ధర అక్షరాలా రెండువందల యాభై రెండు రూపాయలు.