పొడుగాకు కొత్తిమీర

ముర్తజాకి ఎప్పుడెప్పుడు పడవెక్కుదామా అని ఒకటే తొందర. ఏటి అవతల పట్నం వాళ్లు కబురు పెట్టారు. "మాకూ నాలుగు మంచి మాటలు చెప్పండి, ఉండడానికి ఇల్లు కూడా చూశాం" అన్నారు. అతని మాట తీరు అలాంటిది మరి. నోరు విప్పితే జనం పొయ్యి మీద కూర మాడుతున్నా లేచేవాళ్లు కాదు. గురువు బుర్హాన్ బాబా సెలవివ్వడమే తరువాయి.

బాబా ఆశ్రమం తూర్పు కొండల్లో, వానలు బాగా పడే చోట, ఏటి ఒడ్డునే ఉంది. దారిన పోయేవాళ్లు ఎవరొచ్చినా అక్కడ పప్పూ అన్నం పెడతారు. ఆ పప్పులో పొడుగాకు కొత్తిమీర పడాల్సిందే. మామూలు కొత్తిమీర కాదు, రంపం అంచున్న పొడుగాటి ఆకు. ఎంత ఉడికినా దాని వాసన పోదు.

"సెలవిస్తాలే," అన్నాడు బాబా. "వంటింట్లో ఆ ఆకు నిండుకుంది. గింజలు వేసి పెంచి, ఒక్క పూట పప్పులోకి ఇచ్చి వెళ్లు."

ఓస్, ఇంతేనా అనుకున్నాడు ముర్తజా. వాళ్ల ఇంట్లో మామూలు కొత్తిమీర వేసినట్టే తొట్లలో మట్టి తవ్వి, గింజలు లోపల పూడ్చి, చేతులు దులుపుకున్నాడు. ఎన్నాళ్లు చూసినా ఒక్కటీ మొలవలేదు.

"ఇవి చచ్చు గింజలు బాబా!"

బాబా లేచొచ్చాడు. నలుసుల్లాంటి ఆ గింజలు చిటికెడు తీసి తడి మట్టి మీద చల్లి, అరచేత్తో మెల్లగా అదిమాడు. అంతే.

"పైన మట్టి కప్పొద్దా బాబా?"

"వాటికి వెలుతురు కావాలి. ఎండ మాత్రం తగలనీకు." తొట్లన్నీ చూరు కిందే ఉంచమన్నాడు.

చాలా రోజులకి మొలకలొచ్చాయి. ఆకులు సాగడానికి ఇంకా టైము పట్టేలా ఉంది. సంతరోజు వచ్చినప్పుడల్లా పడవవాడు "ఇంకా ఎన్నాళ్లయ్యా?" అని అడుగుతున్నాడు. ముర్తజా ఇక ఆగలేక తొట్లన్నీ నడివాకిట్లో ఎండలోకి లాగేశాడు.

నిజంగానే మొక్కలు గబగబా ఎదిగాయి. ఆకులు చిన్నగా ఉండగానే అంచులు ముళ్లు తేలి, కాడలు పైకి లేచి పూత కూడా వచ్చేసింది. ముర్తజా ఎగిరి గంతేసి, ఆ ఆకులే కోసి వంట చేసే హనీఫా బీకి ఇచ్చాడు.

"ఆకులా ఇవి, ముళ్లా?" అని ఆమె సణిగింది. అయినా పప్పులో వేసింది.

మధ్యాహ్నం అందరూ వరసగా కూర్చుని తింటున్నారు. బాబా నోట్లోంచి ఒక ముల్లు తీసి కంచం అంచున పెట్టాడు. పక్కాయనా ఒకటి తీశాడు.

ముర్తజా అప్పటికే మూట కట్టేసుకున్నాడు.

"ఒక పూట ఇచ్చాను బాబా. ఇక సెలవా?"

బాబా వాకిట్లోకి నడిచాడు. పూల కాడల్ని గోటితో ఒక్కొక్కటే తుంచడం మొదలుపెట్టాడు.

"అయ్యయ్యో, అదేంటి బాబా! ఇంత చక్కగా పూస్తుంటేనూ?"

"పూశాయి బేటా. మరి ఆకేది?"

రేవులోంచి పడవవాడి కేక వినపడింది. "ఏమయ్యా, వస్తున్నావా లేదా?"

"మాటిచ్చాను కదా, వెళ్లు," అన్నాడు బాబా. అని, ఒక తొట్టిని నీడలోకి జరపడానికి వంగాడు. ఆయన ఒక్కడే లాగితే అది కదల్లేదు.

కడగని కంచాలు అరుగు మీద అలాగే ఉన్నాయి. వాటి అంచుల్లో ముళ్లు చూసి ముర్తజాకి సిగ్గేసింది. తన మాటలు విని వెళ్లిన జనం ఇంటికెళ్లి ఏం తీసి పక్కన పెట్టుకున్నారో అనిపించింది.

"నువ్వు వెళ్లయ్యా, నేను రావట్లేదు!" అని రేవు వైపు కేకేశాడు.

మూట కింద పెట్టి, తొట్టికి రెండో వైపు చెయ్యి వేశాడు.