కర్ర పట్టుకున్న పోలమ్మ

అనగనగా ఒక చలి సముద్రం. ఆ సముద్రంలో నల్లకంటి అనే సీల్ జంతువు ఉండేది. వేటకు వెళ్లేటప్పుడు పాలు తాగే తన కూనను శంఖపురి అనే ఊరి ఒడ్డున, ఇసుక మీద పడుకోబెట్టి వెళ్లేది.

ఒకనాడు తిరిగొచ్చేసరికి కూనకు కాస్త దూరంలో ఒక ముసలావిడ కర్ర పట్టుకుని కూర్చుంది. వలలు అల్లే పోలమ్మ ఆవిడ. కూన చుట్టూ ఇసుకలో పెద్ద గీత గీసి ఉంది. నల్లకంటి అక్కను వేటగాళ్లు అలాంటి కర్రతోనే కొట్టి చంపారు. అందుకే అది ఒడ్డెక్కకుండా నీళ్లలోంచే చూస్తూ ఉండిపోయింది.

ఇంతలో షావుకారు భార్య చేపముక్కలు తెచ్చింది.

"ఇది పాలు తాగే కూన అమ్మా, చేప గొంతుకు అడ్డం పడుతుంది," అని పోలమ్మ కర్ర అడ్డం పెట్టింది.

తరువాత కుమ్మరి కుండెడు నీళ్లు తెచ్చాడు, ఒళ్లు తడుపుతానని.

"వెచ్చగా ఉంటుందనే ఇక్కడ పడుకుంది బాబూ. తడిపితే వణికిపోతుంది," అంది పోలమ్మ.

అలల హోరులో నల్లకంటికి మాటలు వినబడలేదు. కర్ర ఊపడమే కనబడింది. 'తిండి తెచ్చినావిడను తరిమింది, నీళ్లు తెచ్చినవాడినీ తరిమింది. అందరినీ పంపేసి తనొక్కతే ఎత్తుకుపోవాలని చూస్తోంది,' అనుకుంది.

మూడోసారి ఒక సిపాయి వచ్చాడు. "తల్లి వదిలేసింది పాపం, సముద్రంలో దించుతాను," అంటూ గీత దాటి కూనను ఎత్తుకుని నీళ్ల వైపు నడిచాడు. కూన కీచుమంది. అంత పెద్ద అలల్లో అది మునిగిపోతుందని నల్లకంటి ఒడ్డుకు దూసుకొచ్చింది.

పోలమ్మ అడ్డంగా నిలబడింది. "దించు నాయనా. తల్లి ఎక్కడికీ పోలేదు. అదిగో, మన వంకే చూస్తోంది. మనం తప్పుకుంటే వస్తుంది."

సిపాయి సిగ్గుపడి కూనను దించి వెళ్లిపోయాడు.

ఈసారి దగ్గరకు రావడంతో మాటలన్నీ నల్లకంటికి వినబడ్డాయి. అయినా అనుమానం పోలేదు. "మరి నువ్వెందుకు తప్పుకోవు?" అని అడిగింది.

"నేను పోతే ఇంకొకరు వస్తారు. అందుకే మా ఊళ్లో నలుగురం వంతులేసుకుని కాపలా కాస్తున్నాం. ఎవరూ చెప్పలేదులే, మాకే చూస్తూ ఊరుకోబుద్ధి కాక."

"ఆ కర్ర నీ చేతిలో ఉండగా నేను రాను."

పోలమ్మ తన చేతిలోని కర్ర వంక చూసుకుంది. అది ఇంతసేపూ ఎవరిని భయపెట్టిందో అప్పుడు తెలిసి నొచ్చుకుంది. కర్రను నీళ్లలోకి విసిరేసి, దూరంగా వెళ్లి, కూనకు వీపు పెట్టి ఊరి దారి వైపు తిరిగి కూర్చుంది.

నల్లకంటి మూడుసార్లు తల ఎత్తి చూసింది. పోలమ్మ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. అప్పుడు పాకుతూ వచ్చి కూనకు పాలిచ్చింది. దారిన వచ్చేవాళ్లను పోలమ్మ ఒట్టి చేతులు చాచి ఆపుతూనే ఉంది.

పిల్లలూ, దగ్గరకొచ్చిన ప్రతివాడూ మేలు చేసినట్టు కాదు. అవతలివారికి ఏది అవసరమో తెలుసుకుని, కావలసివస్తే దూరంగా నిలబడటమే నిజమైన సాయం.